గేటు మధ్యలో ఆగిపోయే కారుతో పండక్కి బయల్దేరకండి

పాత కారు ఐడ్లింగ్‌లో వణుకుతోంది, బ్రేకు వేయగానే ఆఫ్ అయిపోతోంది అంటే మన భీమవరంలో చాలామంది బండికి వయసైపోయిందిలే అని సరిపెట్టుకుంటున్నారు. "యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టుకుంటే చాలు" అని చెప్పి పిల్లల చేతికి తాళం ఇచ్చేస్తున్నారు. దయచేసి ఈ అలవాటు ఇవాళే మానండి. మెట్ట ఊళ్లలో ఆగిపోయిన కారును రోడ్డు దింపి పక్కన పెట్టుకోవచ్చు. మన డెల్టాలో రోడ్డు దిగితే ఉండేది పంట కాలువ, లేదంటే రొయ్యల చెరువు.

ఐడ్లింగ్ సరిగా లేని కారు రోడ్డు తిన్నగా ఉన్నంతసేపు బాగానే పరుగెడుతుంది. వేగం తగ్గించి, కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి, క్లచ్ నొక్కినప్పుడే ఆగిపోతుంది. మనం వేగం తగ్గించేది ఎక్కడ? ఉండి వైపో, వీరవాసరం వైపో కాలువ వెంబడి మలుపుల్లో, ఇరుకు వంతెనల మీద, రైల్వే గేట్ల దగ్గర. కారు ఆగకూడని చోటే ఆగుతుందన్నమాట.

బ్రేకుకు బూస్టర్ ఉన్న పెట్రోలు కార్లలో ఆ బూస్టర్ ఇంజను ఇచ్చే వాక్యూమ్‌తో పనిచేస్తుంది. ఇంజను ఆగాక మిగిలిన బలం ఒకటి రెండు తొక్కులకే సరి. కంగారులో బ్రేకును పదేపదే తొక్కితే ఆ తర్వాత పెడల్ గట్టిపడిపోతుంది, చాలా బలంగా తొక్కితే గానీ బండి ఆగదు. పవర్ స్టీరింగ్ అయితే ఒక్కసారిగా బరువెక్కుతుంది. అందుకని ఒక్కసారే గట్టిగా తొక్కి, కారు నిలిచేదాకా కాలు తీయకండి. రెండు చేతులా స్టీరింగ్ పట్టుకోండి. బండి కదులుతుండగా తాళం చెవి మాత్రం బయటికి లాగొద్దు, లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. నడిపేది మీ అబ్బాయో అమ్మాయో అయితే, ఈ నాలుగు మాటలూ వాళ్లకు చెప్పకుండా తాళం ఇవ్వకండి.

గేటు సంగతి ఇంకా ప్రమాదం. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లను 2019 నాటికే ఎత్తేశారు కాబట్టి గేట్‌మన్ ఉంటాడన్న ధీమా మనకు పెరిగింది. గుడివాడ, నరసాపురం, నిడదవోలు వైపు లైన్లు డబుల్ అయ్యాయి, కరెంటు రైళ్లు తిరుగుతున్నాయి. ఒక బండి వెళ్లాక రెండో లైను మీద ఇంకోటి రావచ్చు. పట్టాల మీద కారు ఆగితే మొదట దించాల్సింది మనుషుల్ని. పెద్దవాళ్లు, పిల్లలు గేటు అవతలికి వెళ్లాలి, ఒకరు గేట్‌మన్ దగ్గరికి పరుగెత్తాలి. రైలు జాడ లేకపోతేనే కారు సంగతి చూడండి. న్యూట్రల్‌లో పెట్టి నలుగురు తోస్తే చిన్న కారు కదులుతుంది. రైలు కనబడితే కారు వదిలేయండి. కారు మళ్లీ కొనుక్కోవచ్చు.

సంక్రాంతి దగ్గర పడుతున్నప్పుడు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డ కుటుంబాలు ఊళ్లో వదిలిన కారు ఏడాదిలో ఎక్కువ రోజులు తాటాకు పాకలోనో టార్పాలిన్ కిందో ఉంటుంది. పండక్కి రెండు రోజుల ముందు బ్యాటరీ మార్చి, తోసి స్టార్ట్ చేసి, కుటుంబమంతా ఎక్కేస్తారు. ఆ ట్యాంకులో ఉన్నది నెలల కిందటి పెట్రోలు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన గాలిలో తేమకు కొదవ లేదు. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున చేరుతుంది, పంపు ముందుగా లాగేది దాన్నే. పాత కార్బ్యురేటర్‌లోని రబ్బరు వాషర్లు, గొట్టాలు ఈ ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800ల్లో మొదటి తరం బళ్లన్నీ కార్బ్యురేటర్‌వే. అవి మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాత పెట్రోలు తీయించి, ఫిల్టరు మార్పించి, వైర్లను ఎలుకలు కొరికాయేమో చూపించాకే రోడ్డెక్కించండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఎప్పుడు ఆగుతోందో గమనించండి, సగం రోగం అక్కడే తెలుస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే ఆగితే చోక్ మీద, టెంపరేచర్ సెన్సర్ మీద అనుమానం. ఏసీ వేయగానే ఆగితే ఐడ్లింగ్ సర్దే వాల్వు, థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి. ఇంజను దగ్గర సన్నగా ఈల వినిపిస్తే వాక్యూమ్ గొట్టం పగిలి ఉండొచ్చు. వాన కురిసిన మర్నాడు మిస్సింగ్ కొడితే డిస్ట్రిబ్యూటర్ మూతలో, ప్లగ్ వైర్లలో తేమ. ఉప్పునీళ్ల చెరువుల మధ్య తిరిగే బండికైతే బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు మొదట విప్పించి చూడాలి. బయటికి బాగానే కనిపిస్తుంది, బోల్టు కింద అంతా తుప్పే. పాత డీజిల్ బండి అయితే ఫిల్టరులో నీళ్లు, పైపుల్లోకి జొరబడ్డ గాలి.

పెట్రోలు కార్ల పొల్యూషన్ పరీక్ష ఐడ్లింగ్‌లోనే చేస్తారని చాలామంది గుర్తించరు. కార్బన్ మోనాక్సైడ్ అంకె ఎక్కువగా ఉంటే పెట్రోలు అవసరానికి మించి పడుతోంది. హైడ్రోకార్బన్ అంకె ఎక్కువైతే పెట్రోలు కాలకుండానే బయటికి పోతోంది, అంటే ప్లగ్గు సరిగా స్పార్క్ ఇవ్వకపోతుండొచ్చు. కాగితం కోసం సర్టిఫికెట్ కొనుక్కోకుండా, గొట్టంలో ప్రోబ్ పెట్టించి ఆ అంకెలు అడగండి. ఇంత చవకగా దొరికే రోగ నిర్ధారణ ఇంకొకటి లేదు.

షెడ్లలో పనిచేసే మెకానిక్ సోదరులకు కూడా ఒక విన్నపం. బండి ఆగిపోతోందని వచ్చినవాడికి స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచి పంపడం వైద్యం కాదు. ఇంజను ఆ గంటకు ఆగదు, లోపలి లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఇంకో పని చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. వాటర్ బాటిల్ మూతకు చిల్లు పొడిచి, అందులో పెట్రోలు పోసి, ఒకరు స్టార్టర్ తిప్పుతుంటే ఇంకొకరు కార్బ్యురేటర్ నోట్లోకి చిమ్ముతారు. ఇంజను ఒక్కసారి వెనక్కి తన్నితే మంట సీసాను, ఆ చేతిని అందుకుంటుంది. బాగుచేసే ఖర్చు తప్పించుకోవడానికి ఇంటి గ్యాస్ సిలిండర్ తగిలించి నడపడం చట్టవిరుద్ధం, పైగా వెనక సీట్లో కూర్చున్నవాళ్ల పక్కన బాంబు పెట్టుకోవడమే.

మూసిన షెడ్డులో ఇంజను వేడెక్కాలని కారు ఆన్‌లో వదిలేయొద్దు. సరిగా మండని ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం అనిపించాక లేవబోతే కాళ్లు సహకరించవు. కారును బయటికి తోసి, ఆరుబయటే స్టార్ట్ చేయండి. పక్కన పిల్లలు ఆడుకుంటుంటే వాళ్లను పొగ గొట్టానికి దూరంగా పంపండి.