చెమట పట్టినంత మాత్రాన జ్వరం పోయినట్టు కాదు

దక్షిణ ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు చలిజ్వరం కొత్త కాదు. ఆ పాత పరిచయమే చేటు తెస్తోంది. ‘వానాకాలం జ్వరమే కదా, రెండు మాత్రలు వేస్తే పోతుంది’ అన్న ధీమాతో రక్తపరీక్ష వాయిదా వేస్తున్నాం.

మలేరియా మోసం చేసే జబ్బు. ఆడ అనాఫిలిస్ దోమ కుట్టాక సాధారణంగా 10 నుంచి 15 రోజులకు బయటపడుతుంది. మొదట వణుకు, తర్వాత ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆపైన చెమటలు. చెమట పట్టాక పిల్లవాడు లేచి ఆడుకుంటాడు, బడికీ వస్తాడు. పరాన్నజీవి మాత్రం రక్తంలోనే ఉంటుంది. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకంలో ‘రోజు విడిచి రోజు’ అన్న లెక్క కుదరకపోవచ్చు. కొందరు పిల్లల్లో వణుకు ఉండదు. జ్వరంతో పాటు తలనొప్పి, వాంతులు, అన్నం సయించకపోవడమే కనిపిస్తాయి. మూర్ఛ, మగత, ఆయాసం, నల్లటి మూత్రం, కళ్లు పచ్చబడటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించాలి. ఆశా కార్యకర్త వేలి నుంచి తీసే రక్తపు చుక్కతో అరగంటలోపే తేలిపోతుంది. జ్వరం తగ్గినా మందు మధ్యలో మానకూడదు. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాగి, నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అందుకే దానికి 14 రోజుల మాత్రలు ఇస్తారు.

బడి చేయవలసినవి రెండున్నాయి. హాజరు పట్టీలో గైర్హాజరు పక్కన ‘జ్వరం’ అని రాసుకుని, పరీక్ష చేయించారా అని ఆ సాయంత్రమే ఇంటికి కబురు చేయాలి. రెండోది మాట. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా. ‘జ్వరం’ రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి అదొక్కటీ చెప్పగలుగుతాం. మగతను, ఆయాసాన్ని ఒడియాలో చెప్పలేక తల్లి ఊరుకుంటే అసలు ప్రమాదం వైద్యుడికి చేరదు.

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ గుర్తించింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. ఆ పేరు మన పిల్లలు పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఈసారి ఆ రోజు ప్రార్థన సమయంలో ప్రమాద లక్షణాలను తెలుగులోనూ, ఒడియాలోనూ చెప్పించండి. తల్లిదండ్రులనూ పిలవండి. అవసరం పడిన రాత్రి ఆ మాటలు పలకవలసింది వాళ్లే.