జుట్టు నాటించారు సరే, మరి మాత్ర సంగతి?

మా అక్క కొడుక్కి 27 ఏళ్లు. రెండేళ్ల క్రితం, పెళ్లిచూపులు మొదలుపెట్టే ముందు తలమీద జుట్టు నాటించుకున్నాడు. డబ్బు అక్క ఇచ్చింది. ఎవరికీ చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టు కూడా అక్కే వేయించింది. మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చి వాడు టోపీ తీస్తే నాకు కలుక్కుమంది. నుదుటిపైన నాటిన వరుస ఒత్తుగా ఉంది, దాని వెనక నడినెత్తి పలచబడిపోయింది. ఊరి ముందు తోరణం కట్టి ఊరు ఖాళీ చేసినట్టుంది.

"ఏమైందిరా?" అంటే, "డాక్టర్ రాసిన మాత్ర అమ్మ మాన్పించేసింది పిన్నీ" అన్నాడు.

అక్కనడిగాను. "ఆపరేషన్ అయ్యాక ఇంకా మాత్రలెందుకే? అయినా అది మింగితే పిల్లలు పుట్టరట" అంది. ఎవరు చెప్పారంటే, వాట్సాప్‌లో వచ్చిందట. మరి ఆపరేషన్ చేసినచోట ఏం చెప్పారు? డబ్బు కట్టేదాకా "ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం దిగుల్లేదు" అన్నారట. మాత్ర సంగతి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో చివరి లైనులో ఉందట!

నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ పోస్టు. వాడినడిగే రాస్తున్నాను.

అసలు విషయం ఏమంత కష్టమైనది కాదు. మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకి డీహెచ్‌టీ అనే హార్మోను ముఖ్యకారణం. దాని దెబ్బకి ముందువైపు, నడినెత్తి మీద వెంట్రుకలు ఏటికేడు సన్నబడి ఊడిపోతాయి. తల వెనక భాగంలోవి చాలావరకు తట్టుకుంటాయి. ఆపరేషన్ అంటే ఆ వెనక వెంట్రుకల్ని కుదుళ్లతో తీసి ముందు నాటడం. నాటినవి తమ గట్టిదనాన్ని తమతో తెచ్చుకుంటాయి, బాగానే నిలుస్తాయి. పక్కనున్న పాత వెంట్రుకలకి మాత్రం ఆపరేషన్ వల్ల ఏ రక్షణా రాదు. చేలో ఒక మూల కొత్త నారు వేసినంత మాత్రాన మిగతా చేనుకి పట్టిన తెగులు పోతుందా?

ఆ తెగులుకి మందే ఫినాస్టెరైడ్. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ప్రోస్టేట్ గ్రంథి వాపుకి 5 మిల్లీగ్రాముల మాత్రగా మొదలైంది. బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఆమోదించింది. తలకి రాసుకునే మినాక్సిడిల్ ఇంకా పాతది. రెండూ వాడుతున్నంతకాలమే పనిచేస్తాయి. మానేస్తే కొన్ని నెల్లలో, మహా అయితే ఏడాదిలో, నిలబడ్డ జుట్టు కూడా పోతుంది. మావాడికి జరిగింది అదే.

"మళ్లీ నాటిస్తే సరి" అంటుంది అక్క. వెనకాల ఉన్న జుట్టేమన్నా అక్షయపాత్రా? కుదురుతో తీసినచోట మళ్లీ మొలవదు. పాతికేళ్లకే ఉన్నదంతా ముందుకి పెట్టేస్తే, నలభై ఏళ్లకి నడినెత్తి ఖాళీ అయినప్పుడు ఎక్కణ్నుంచి తెస్తారు? యాభై దాటి, ఊడాల్సింది ఊడిపోయి నిలకడగా ఉన్నవాళ్ల లెక్క వేరు. కుర్రాళ్లకి మందు లేకుండా నాటడమంటే సగం పనికి పూర్తి డబ్బు పుచ్చుకోవడమే. ఆ మాట డబ్బు తీసుకున్నాక చెప్పేవాళ్లని వ్యాపారులంటాను, వైద్యులనను.

అలాగని మాత్ర చాక్లెట్ లాంటిదని నేననడంలేదు. కొద్దిమందికి లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు వస్తాయి. ఎక్కువమందికి మానేస్తే తగ్గుతాయి, తగ్గలేదని చెప్పేవాళ్లూ ఉన్నారు. కొందరికి మనసు దిగులుగా మారుతుంది. ఆత్మహత్య ఆలోచనలు కూడా దీని దుష్ప్రభావాల్లో ఒకటని యూరప్ ఔషధ సంస్థ 2025లో తేల్చింది. పిల్లలే పుట్టరన్నది అబద్ధం. కాకపోతే కొందరిలో వీర్యకణాలు తగ్గి, మాత్ర ఆపాక మెరుగుపడ్డ సందర్భాలున్నాయి కాబట్టి, పిల్లలకోసం చూస్తున్నవాళ్లు డాక్టర్‌తో ఆ మాట చెప్పాలి. ఇవన్నీ విని "నాకీ మాత్ర వద్దు" అనే హక్కు కుర్రాడికి ఉంది. కానీ ఆ మాట ఆపరేషన్‌కి ముందు అనాలి. అప్పుడు నాటించుకోవాలో, గుండు గీయించుకుని హాయిగా తిరగాలో వాడే తేల్చుకుంటాడు. వాడి తరఫున వాట్సాప్ చూసి వాళ్లమ్మ తేల్చకూడదు.

ఇక అసలు నాకు భయం వేసే సంగతి. గర్భంతో ఉన్న ఆడవాళ్లు పగిలిన ఫినాస్టెరైడ్ మాత్రని చేత్తో ముట్టుకోకూడదు. కడుపులో ఉన్నది మగబిడ్డయితే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. పై పూత చెదరని మాత్రతో భయం లేదు. కానీ చవకని 5 మిల్లీగ్రాములది కొని ముక్కలు చేసుకునేవాళ్లు బోలెడుమంది. ఇప్పుడు చెప్పండి. పెళ్లికొడుకు జుట్టు సంగతి దాచి పెళ్లి చేస్తాం. కొత్తకోడలికి నెల తప్పుతుంది. బల్లమీద రాలిన పొడిని తుడిచేది ఎవరు? మన ఇళ్లలో ఎవరు తుడుస్తారో వేరే చెప్పాలా?

అమ్మాయి తరఫున చామనఛాయ అన్నా సంబంధం వదులుకునే మనం, అబ్బాయి రోజూ మింగాల్సిన మాత్ర ఒకటుందని చెప్పడానికి నోరు పెగల్చుకోం. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు. లేనివాడు నాటించుకుంటే తప్పేమీ లేదు. దాన్ని దొంగతనంలా దాచడమే తప్పు.

మీ ఇంట్లో ఎవరైనా ఆ ఆలోచనలో ఉంటే, అడ్వాన్సు కట్టకముందే అడగండి. ఆపరేషన్ తరవాత ఏ మందు వాడాలి? ఎన్నేళ్లు వాడాలి? మానేస్తే ఏమవుతుంది? సూటిగా జవాబివ్వకపోతే పర్సు మూసుకుని ఇంటికి రండి.

మావాడు పోయినవారం చర్మవైద్యుడి దగ్గరికెళ్లి అన్నీ అడిగి తెలుసుకుని మాత్ర మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సంబంధం కుదిరేముందు అమ్మాయితో తనే చెబుతానన్నాడు. అక్కా, నువ్విది చదువుతావని నాకు తెలుసు. నువ్వు వేయించిన ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. కోపం తగ్గాక ఫోన్ చెయ్యి.