తెలిసిన లోపాన్ని రాసిపెడదాం



కంప్యూటర్ కోర్సుల్లో చేరిన మనమంతా ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటున్నాం. కానీ ఆ ప్రోగ్రాంలో మిగిలిపోయిన పనినీ, మనకు తెలిసిన లోపాన్నీ రాసిపెట్టడం మనకు నేర్పేవారు తక్కువ. దానికి మార్కులు లేవు. పైగా ప్రాజెక్టు ఇచ్చే ముందు అలాంటి వాక్యాలన్నీ తీసేయమనే సలహాలే వినిపిస్తాయి. ఎగ్జామినర్ చూస్తే పని పూర్తి కాలేదనుకుంటారట! ఈ సలహా సరైనది కాదని మా అభిప్రాయం.

సోర్స్ కోడ్‌లో కంప్యూటర్ పట్టించుకోని, మనుషుల కోసం మాత్రమే రాసే వాక్యాలను కామెంట్లు అంటాం. చేయాల్సిన పని ఉంటే 'టుడూ' అనీ, సరిచేయాల్సింది ఉంటే 'ఫిక్స్‌మీ' అనీ ముందు పెట్టి వివరం రాయడం ప్రోగ్రామర్ల అలవాటు. 1971లో బెల్ ల్యాబ్స్‌లో వెలువడిన యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే కమాండ్ల వివరణ కింద 'బగ్స్' అనే శీర్షిక ఉంది. డోనాల్డ్ క్నూత్ అయితే తన 'టెక్' ప్రోగ్రాంలోని తప్పులను 1978 నుంచి చిట్టాగా రాసుకుని, 1989లో అచ్చు వేయించారు. అంతటివారే దాచుకోనప్పుడు మనమెందుకు దాచుకోవాలి?

కారణం మనకు తెలుసు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. "వీళ్లకేం వస్తుందిలే" అనే చూపు తరగతి గదిలో కొత్త కాదు. లోపం మన చేత్తో రాస్తే ఆ చూపుకు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుందని భయం. నిజానికి జరిగేది వేరు. తన ప్రోగ్రాం ఎక్కడ తప్పుతుందో చెప్పగలిగేది దాన్ని స్వయంగా రాసి, పరీక్షించి చూసిన విద్యార్థే. డబ్బిచ్చి కొనుక్కొచ్చిన ప్రాజెక్టుతో వచ్చినవారు ఆ మాట చెప్పలేరు.

ఒక ఉదాహరణ చూద్దాం. మెస్ బిల్లు పంచే ప్రోగ్రాం రాశామనుకోండి. నెల మధ్యలో చేరిన విద్యార్థికి కూడా నెలంతటి బిల్లు వేస్తోంది. అది తెలిసి కూడా రాసిపెట్టకుండా మనం కోర్సు ముగించి వెళ్లిపోతే, వచ్చే ఏడు ఒక తమ్ముడు తినని రోజులకు డబ్బు కడతాడు. అడిగితే "కంప్యూటర్ లెక్క, తప్పదు" అంటారు. ఆ వరుస పక్కనే ఒక్క వాక్యం ఉంటే జూనియర్లు ఆ పూటే సరిచేసేవారు.

అయితే ఉత్తినే 'సరిచేయాలి' అని రాస్తే ప్రయోజనం లేదు. "ఫిక్స్‌మీ: నెల మధ్యలో చేరినవారికి పూర్తి బిల్లు పడుతోంది, చేరిన తేదీ నుంచి రోజులు లెక్కించాలి" అని రాయాలి. ఎప్పుడు తప్పుతుందో, ఏమవుతుందో, ఏం చేయాలో అందులో ఉండాలి. గూగుల్ స్టైల్ గైడ్ కూడా 'టుడూ' పక్కన బగ్ నంబరు వంటి ఆధారం ఉండాలంటుంది. రాసి మరిచిపోవడం కూడా దాచడంలాంటిదే. 'గ్రెప్' అనే చిన్న కమాండ్‌తో ఇలాంటి వాక్యాలన్నీ ఒకేచోట కనబడతాయి. వారానికోసారి చూసుకుని, సరిచేసినదాన్ని వెంటనే తీసేయాలి.

ఇంకొక మాట. డబ్బుకో, మార్కులకో సంబంధించిన లోపాన్ని కోడ్‌లో మాత్రమే రాస్తే చాలదు. కోడ్ చదవలేని వార్డెన్‌గారికీ, బిల్లు కట్టే విద్యార్థులకూ నోటితో చెప్పాలి.

ఈ ఏడాది ప్రాజెక్టులు చేస్తున్న మిత్రులకు మా విన్నపం ఒక్కటే. మీ రికార్డు చివర 'మాకు తెలిసిన లోపాలు' అని ఒక పేజీ చేర్చండి. ఎగ్జామినర్ అడిగితే తల దించుకోకుండా వివరించండి. వెళ్లేటప్పుడు ఆ పేజీతో సహా ప్రోగ్రాంను జూనియర్లకు అప్పగించండి.