తెలియని భాష

టర్కీ పార్లమెంటులో ఎవరైనా కుర్దిష్‌లో నాలుగు మాటలు మాట్లాడితే, సభ రికార్డుల్లో ‘తెలియని భాష’ అని రాసిన సందర్భాలు బోలెడు. కోటికి పైగా కుర్దులున్న దేశం అది. తెలియకపోవడమేంటి, తెలుసుకోదల్చుకోలేదు, అంతే.

కుర్దుల హక్కుల మాటెత్తితే మనవాళ్లు చాలామంది “ముందు తుపాకులు దించమనండి” అంటారు. దించారుగా! 2025 మేలో పీకేకే తనను తాను రద్దు చేసుకుంటున్నానని ప్రకటించింది. జులైలో ఇరాక్‌లోని సులైమానియా దగ్గర 30 మంది తమ ఆయుధాలు మంటల్లో వేశారు. ఆ సంస్థ చేసిన హత్యల్ని ఎవరూ సమర్థించక్కర్లేదు. కానీ వరస గుర్తుంచుకోండి. పీకేకే సాయుధ పోరాటం మొదలైంది 1984లో. కుర్దిష్ నోరు నొక్కే చట్టాన్ని సైనిక ప్రభుత్వం తెచ్చింది 1983లో. ఆ చట్టం 1991లో పోయింది గానీ, అదే సైన్యం రాయించిన 1982 రాజ్యాంగం సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది. దాని 66వ అధికరణం ప్రకారం పౌరులందరూ ‘టర్కులే’. 42వ అధికరణం ప్రకారం బడిలో టర్కిష్ తప్ప మరో భాషని మాతృభాషగా నేర్పకూడదు.

“టీవీ ఛానెల్ ఇచ్చారు కదా?” ఇచ్చారు, 2009లో. 2012 నుంచి బడిలో ఐచ్ఛికంగా వారానికి రెండు గంటల పాఠం కూడా. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్కలో, బగ్‌ని అలాగే ఉంచి పైన ప్యాచ్ వేయడం ఇది. ప్రభుత్వం దయతో ఇచ్చినదాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. రాజ్యాంగంలో రాస్తే అంత తేలిక కాదు.

స్వయం నిర్ణయాధికారం అనగానే కొత్త జెండా, కొత్త సరిహద్దు గుర్తొస్తాయి. అంత దూరం ఎందుకు? దియార్‌బకిర్ ప్రజలు ఎన్నుకున్న మేయర్లని 2016లో, మళ్లీ 2019లో తీసేసి, ప్రభుత్వం తన అధికారుల్ని కూర్చోబెట్టింది. 2024లో మార్దిన్, బాత్మాన్‌లలోనూ అదే కథ. తమ ఊరి మేయర్ని తామే ఎన్నుకోవడం కూడా వేర్పాటువాదమేనా?

భాషా రాష్ట్రాలిస్తే దేశం ముక్కలవుతుందని 1953కి ముందు మన దగ్గరా భయపెట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, దేశం ముక్కలు కాలేదు. తెలుగు మీద అలాంటి నిషేధం ఎన్నడూ లేదు కాబట్టి రెండూ ఒకటే అనను. భయపెట్టే పద్ధతి మాత్రం అదే.

ఇప్పుడు అంకారాలో కొత్త రాజ్యాంగం గురించి మాట్లాడుతున్నారు. ఎర్డోగాన్ మళ్లీ పోటీ చేసే దారి కూడా అందులోనే వెతుకుతున్నారన్న అనుమానం ఊరికే రాలేదు. కుర్దుల భాషని ఆ బేరంలో తూకంరాయి చెయ్యొద్దు. 42ని మార్చడానికి ఎవరి పదవీకాలమూ పొడిగించక్కర్లేదు.