తొమ్మిదిన్నరకే తాళమా?

మొన్న ఒక పర్యాటక ప్రచార పుస్తకం మా కార్యాలయానికి వచ్చింది. సెలవుల్లో హైదరాబాదు వచ్చినవాళ్ళు రాత్రిపూట ఏం చేయాలో రెండు పేజీల నిండా ఉంది: పబ్బులు, డీజేలు, అర్ధరాత్రి బిర్యానీ. బిర్యానీ మీద మాకు అభ్యంతరం లేదు. సంగీత కచేరీ ఊసే లేకపోవడం మాత్రం గుచ్చుకుంది. అయినా రాసినవాళ్ళను ఏమనగలం? లేనిదాన్ని ఎలా రాస్తారు?

కలకత్తా వెళ్ళే మనవాళ్ళు కాళీఘాట్, హౌరా వంతెన, విక్టోరియా మెమోరియల్ చూసి హోటల్లో పడుకుంటారు. జనవరి చివర్లో వెళ్తే ఆ నిద్ర మానుకోవాలి. 1952లో మొదలైన డోవర్ లేన్ సంగీత సమ్మేళనం రవీంద్ర సరోవర్ పక్కన నజ్రుల్ మంచ్‌లో నాలుగు రాత్రులు తెల్లవార్లూ సాగుతుంది. శాలువాలు, మంకీ క్యాపులు, మట్టి ముంతల్లో టీ. నిదానంగా సాగే విలంబిత్ నడుస్తున్నంతసేపూ గురక పెట్టిన పెద్దమనిషి, వేగంగా సాగే ద్రుత్ అందుకోగానే కళ్ళు తెరిచి, తాళావర్తం తొలి దెబ్బ అయిన సమ్ దగ్గర సరిగ్గా తల ఊపుతాడు.

ఇది సరదా కోసం చేసే జాగారం కాదు. హిందుస్తానీ రాగాలకు వేళలున్నాయి. సాయంత్రం మొదలై తొమ్మిదిన్నరకు ముగిసే కచేరీలో యమన్ వినొచ్చు, మహా అయితే బాగేశ్రీ దాకా రావచ్చు. దర్బారీ, మాల్కౌంస్ నడిరాత్రి సొత్తు. లలిత్‌కు తెల్లవారుజాము రావాలి. రాత్రిని కత్తిరిస్తే రాగాలే వేదిక దిగిపోతాయి. పుణెలో 1953లో భీమ్‌సేన్ జోషి తన గురువు పేరిట మొదలుపెట్టిన సవాయ్ గంధర్వ ఉత్సవం రాత్రంతా సాగేది. ఆరుబయట పందిట్లో జరిగే పండుగ కావడంతో మైకు వేళల ఆంక్షలకు ఆ రాత్రులు బలయ్యాయి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. రోగులకూ పసిపిల్లలకూ నిద్ర కావాలి, న్యాయమే. కానీ అవే నిబంధనలు మూసి ఉన్న ఆడిటోరియంలను మినహాయించాయి. పుణె పందిరికొచ్చిన చిక్కు మన రవీంద్రభారతికీ, తుమ్మలపల్లి కళాక్షేత్రానికీ లేదు. మన రాత్రులను మింగింది చట్టం కాదు. మన సభల తీరు. ఆరింటి కచేరీ ఎనిమిదింటికి మొదలవుతుంది. ఈలోపు జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ప్రతి ఒక్కరికీ శాలువా, జ్ఞాపిక. గాయని పాట ఊపందుకునే సమయానికి తలుపు దగ్గర వాచ్‌మన్ తాళాల గుత్తి గలగలలాడిస్తాడు. ఆ గలగల ఏ తాళంలో ఉందో మృదంగ విద్వాంసులే చెప్పాలి!

తెలుగువాళ్ళు రాత్రంతా కూర్చోరని ఒక వాదన ఉంది. పచ్చి అబద్ధం. తిరునాళ్ళలో నేలమీద కూర్చుని హరిశ్చంద్రుడి కాటి సీను దాకా మేలుకుని, నచ్చిన పద్యానికల్లా వన్స్‌మోర్ కొట్టిన జాతి ఇది. మేలుకునేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళకు డీజే తప్ప దిక్కు లేకుండా చేసింది మనమే.

రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలనూ సభల కార్యదర్శులనూ అడిగేది ఒక్కటే. వచ్చే సంక్రాంతి సెలవుల్లో ఒక్క హాలు ఒక్క రాత్రి తెల్లవార్లూ తెరిచి ఉంచండి. టికెట్ పెట్టండి, టీ కూడా డబ్బుకే అమ్మండి. సన్మానాలు మాత్రం పెట్టకండి.