అమ్మ పొయ్యికి ఎర్రచుక్క

పోయిన నెల ఓ పెళ్ళికని తెనాలి వెళ్ళి, ఎలాగూ వచ్చాం కదా అని అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉన్నాను. వంటింట్లోకి వెళితే కొత్త ఇండక్షన్ పొయ్యి మీద తువ్వాలు కప్పి ఉంది. ఆ తువ్వాలు మీద పూలసజ్జ. పక్కన రైస్ కుక్కర్ మాత్రం వెచ్చగా ఉంది. “కూరేం చేశావమ్మా?” అన్నాను. “ఊరగాయ ఉందిగా, మజ్జిగుంది. ఒక్క ప్రాణానికి కూరెందుకే” అంది.

నాకు అనుమానం వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మా అమ్మ, ఇంట్లో ఒక్కతే ఉన్నా పప్పో చారో లేకుండా కంచం ముందు కూర్చునే మనిషి కాదు. గుచ్చి గుచ్చి అడిగితే మర్నాటికి బయటపడింది. పద్ధెనిమిది రోజులుగా ఆ పొయ్యి పనిచెయ్యడం లేదు. ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా “బ్రహ్మాండంగా ఉందిరా” అని చెబుతూ వచ్చింది.

నిజానికి పొయ్యికి ఏమీ కాలేదు. ఎప్పుడో తుడుస్తున్నప్పుడు వేలు ఒకచోట కాస్త ఎక్కువసేపు ఆగినట్టుంది, చైల్డ్ లాక్ పడిపోయింది. అంటే చిన్నపిల్లలు ముట్టుకోకుండా వేసే తాళం. తాళం పడిందని చెప్పడానికి ఆ పొయ్యి చేసిన పనల్లా ఒక ఇంగ్లీషు అక్షరం చూపించడం. నేను మూడు సెకన్లు వేలు నొక్కి పట్టుకుంటే విడిపోయింది. అమ్మ నా వేలు వంకే చూసి “ఇంతేనా?” అంది. కాసేపాగి, “నాకే బుర్ర లేదు. పాడుచేశానంటారని చెప్పలేదు” అంది.

ఆ మాట వచ్చిన దగ్గర్నించీ నాలో తిరుగుతోంది. అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను.

తమ్ముణ్ణి తప్పు పట్టను. అంతకు ముందు నెల అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. గిన్నె మాడి పొగలొస్తే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. వాడు భయపడి గ్యాస్ తీయించేసి, దానంతట అదే ఆగిపోయే పొయ్యి కొనిచ్చాడు. మంచి ఉద్దేశమే. కానీ ఆ పొయ్యి తయారుచేసిన మనిషి తన కళ్ళముందు ఎవర్ని ఊహించుకున్నాడో నాకు తెలియాలి. నల్లటి అద్దం, దాని మీద బూడిదరంగులో చీమలంత ఇంగ్లీషు అక్షరాలు. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి అవి కనబడవు. వంటింట్లో చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. టచ్ పలక తడివేలికి సరిగ్గా పలకదు, లేదా ఒకటి ముట్టుకుంటే ఇంకోటి పలుకుతుంది. అమ్మ గిన్నెల్లో సగం అల్యూమినియం. అయస్కాంతం అతుక్కోని గిన్నెని ఇండక్షన్ వేడిచెయ్యదు, కీచుమని అరిచి ఊరుకుంటుంది. ఆ అరుపుకి ‘గిన్నె మార్చు’ అని అర్థమని ఎవరికి తెలుస్తుంది? అమ్మకైతే అది తిట్టులా వినబడింది.

మా అమ్మాయి డిజైన్ కోర్సు చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు వదిలేసి వెళ్ళిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది, డాన్ నార్మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాసింది, 1988లో మొదట వచ్చింది. నాది తెలుగు బీఏ. ఆ ఇంగ్లీషు నాకు అంత సులువుగా ఎక్కదు. అయినా అట్ట మీది బొమ్మ చూసి తెరిచాను. కాఫీ కెటిల్ బొమ్మ. పిడీ, కొమ్మూ రెండూ ఒకే వైపు ఉంటాయి. పోస్తే మన చేతి మీదే పడుతుంది. ఝాక్ కారల్మన్ అనే ఫ్రెంచి కళాకారుడు వేళాకోళానికి చేసిన వస్తువట. మన కొమ్ముచెంబు చేసిన కంచరికి ఆ కెటిల్ చూపిస్తే కడుపుబ్బా నవ్వేవాడు.

నార్మన్ చెప్పేది వినడానికి చాలా చిన్న మాట. ఒక వస్తువు వాడటంలో మనిషి మళ్ళీ మళ్ళీ పొరపాటు చేస్తుంటే ఆ తప్పు మనిషిది కాదు, వస్తువుది. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి పొయ్యే కావడం నాకు భలే నచ్చింది. బర్నర్లు నాలుగు, చదరంగా ఉంటాయి. వాటిని తిప్పే నాబ్‌లు మాత్రం ముందు వరసగా ఉంటాయి. ఏ నాబ్ ఏ బర్నర్‌దో తెలియాలంటే పక్కన రాతలో బొమ్మలో చూడాలి. మన పాత రెండు బర్నర్ల పొయ్యికి ఏ రాతా అక్కర్లేదు, ఎడమది ఎడమకి, కుడిది కుడికి. మా ఇంట్లో ఇప్పుడున్నది నాలుగు బర్నర్ల అద్దం పొయ్యి. ఆరేళ్ళయింది వచ్చి. ఇప్పటికీ వెనక బర్నర్ తగ్గించబోయి ముందుది తగ్గిస్తాను. పాలు పొంగిన ప్రతిసారీ మావారు హాల్లోంచి “చూసుకోవద్దూ?” అంటారు. నేనూ ఆరేళ్ళుగా నా పరధ్యానమే అనుకున్నాను.

పొయ్యిదాకా ఎందుకు, గోడ మీద స్విచ్‌బోర్డు చూడండి. ఆరు స్విచ్చులు వరసగా, ఒకేలా. ఇంటికొచ్చిన చుట్టం ఫ్యాన్ వెయ్యాలంటే లైట్లన్నీ ఓసారి వెలిగించి ఆర్పాల్సిందే. అందరం నవ్వుకుంటాం. మన ఇంట్లో మనమే తడబడితే మాత్రం నవ్వు రాదు, చిరాకొస్తుంది. అదీ మన మీదే.

ఇందులో ఆడవాళ్ళ వాటా కాస్త ఎక్కువేమో అని నా అనుమానం. స్మార్ట్ టీవీ రిమోట్ పలకకపోతే మా మావగారు “ఈ టీవీ బాగాలేదు” అనేవారు. మా అత్తగారు “నాకు చేతకావట్లేదు” అంటారు. రిమోట్ ఒకటే. చిన్నప్పట్నించీ ఏ వైరు ముట్టుకోబోయినా “నీకు తెలీదు, ఉండు” అనిపించుకున్న నోట ఆ మాటే ముందొస్తుంది. దానికితోడు ఇంట్లో పిల్లలు నేర్పే పద్ధతొకటి. ఫోన్ మన చేతిలోంచి లాక్కుని, టకటకా నాలుగు నొక్కి, “అయిపోయింది” అని ఇచ్చేస్తారు. మనకి ఏం అర్థమైనట్టు?

ఫోన్‌లో యాప్‌ల సంగతి ఇంకా అన్యాయం. డబ్బు పంపడం ఎలాగో అత్తగారికి వారం రోజులు కూర్చుని నేర్పాను. కాగితం మీద రాసి కూడా ఇచ్చాను, మొదట ఇది నొక్కాలి, తర్వాత ఇది అని. నెల తిరిగేసరికి అప్‌డేట్ వచ్చి ఆ బటన్ అక్కడినుంచి మాయమైంది. మన వంటింట్లోకి రాత్రికి రాత్రి ఎవరో వచ్చి ఉప్పుడబ్బా, పంచదారడబ్బా చోట్లు మార్చేసి, పైగా “మీ వంటగది మరింత మెరుగైంది” అని చీటీ అంటించి వెళితే ఊరుకుంటామా? ఇక్కడ ఊరుకుంటున్నాం. ఆవిడ ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టేసి, మళ్ళీ నన్నే పంపమంటున్నారు.

సరిదిద్దాలనుకుంటే సరిదిద్దగలరు. 2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? మన ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే ఐఫోన్‌లు తట్టుకోలేక యాప్‌లు మూతబడిపోయాయి. ఐఫోన్‌ని కూల్చిన తెలుగు అక్షరం అని వార్తలు రాశారు, తప్పేదో అక్షరానిదే అయినట్టు! జ్ఞానంలోని జ్ఞా అది, పాపం. కానీ ఆపిల్ వాళ్ళు అక్షరం మార్చుకోమనలేదు. ఆ నెలలోనే తమ సాఫ్ట్‌వేర్ సరిచేసుకున్నారు. అమ్మ విషయంలోనూ నేనడిగేది అంతే.

పాతదంతా బంగారమని నేననను. నాబ్‌ల సందుల్లో జిడ్డు గీకీ గీకీ వేళ్ళు నొప్పెట్టినదాన్ని. అద్దం పలక ఒక్క తుడుపుకి శుభ్రమవుతుందంటే దాని విలువ నాకు తెలుసు. దానంతట అది ఆగిపోయే పొయ్యి అమ్మకి అవసరమే, అదీ కాదనను. కొత్తవాటిలోనూ ఆలోచించి చేసినవి ఉన్నాయి. మా సందులో కూరల బండి అతను తక్కెడ వదలకుండానే, ఫోన్ చూడకుండానే, డబ్బు ఎంత పడిందో తెలుగులో పెట్టె అరిచి చెబితే వింటాడు. కుక్కర్ కూతా అలాంటిదే కదా. బట్టలు ఆరేస్తూ మేడ మీద ఉన్నా మూడో కూత వినబడుతుంది. మన పని చేతులతో, చెవులతో. ఒకచోట నిలబడి తెరకేసి చూసే తీరిక వంటింట్లో ఎవరికుంది?

మిక్సీ కథ మీకు తెలిసే ఉంటుంది. ముంబైలో మాధురీ మాథుర్ అనే ఆవిడ దగ్గర జర్మన్ మిక్సర్ ఉండేది. మన పప్పులూ మసాలాలూ రుబ్బితే దాని మోటారు తట్టుకోలేదు. ‘మెత్తటివే వేసుకో’ అని భర్త అనలేదు. సీమెన్స్‌లో ఇంజనీరైన ఆ సత్యప్రకాశ్ మాథుర్, మన రుబ్బుడికి ఆగే మోటారుతో మిక్సీ తయారుచేశాడు. 1963లో సుమీత్ అలా పుట్టింది. వంట మార్చుకోమని ఆవిడకి చెప్పకుండా యంత్రాన్ని మార్చాడు. ఆ రోజుల్లో మన అమ్మల చేతులకి ఎంత విశ్రాంతి దొరికిందో లెక్క కట్టగలమా?

తెనాలిలో ఆ నాలుగు రోజుల్లో నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. బజారుకెళ్ళి, తిప్పే గుండ్రటి నాబ్ ఉన్న ఇండక్షన్ పొయ్యి కావాలని అడిగాను. “అది పాత మోడలండీ, ఇప్పుడెవరూ తీసుకోవట్లేదు” అన్నాడు కుర్రాడు. మూడో కొట్లో దొరికింది. ధర కూడా తక్కువే. నా సంచిలోని ఎర్ర నెయిల్ పాలిష్ తీసి ఆన్ బటన్ మీద పెద్ద చుక్క పెట్టాను. నాబ్ చుట్టూ పాలకి ఒక చుక్క, పప్పుకి రెండు చుక్కలు. గిన్నెలన్నీ బోర్లించి ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం బొమ్మతో పరీక్ష చేశాం. అతుక్కున్నవన్నీ కింద అరలోకి, మిగతావి అటక మీదకి. ఈసారి నేను నొక్కి చూపించలేదు. అమ్మ చేతే చేయించి, నేను స్టూలు మీద కూర్చున్నాను. రెండుసార్లు తప్పు నొక్కింది. ఊరుకున్నాను. మూడోసారి కుదిరింది.

నిన్న ఫోన్ చేసింది. దోసకాయ పప్పు చేసిందట. పక్కింటావిడ వచ్చి చూసి, వాళ్ళ వాషింగ్ మెషీన్‌కి కూడా చుక్కలు పెట్టిపొమ్మందిట. “ఆ ఎర్రసీసా ఇక్కడే మర్చిపోయావే, నేనే పెట్టెయ్యనా?” అని అడిగింది.