జిమ్ ట్రైనర్‌కు లైసెన్స్ ఏదీ?

హైదరాబాద్ పాతబస్తీలో ఒకప్పుడు కుస్తీ నేర్పే తాలీంఖానాలుండేవి. ఉస్తాద్ ఏళ్ల తరబడి శాగిర్దులను కనిపెట్టుకుని ఉండేవారు. ఇప్పుడా స్థానం పర్సనల్ ట్రైనర్‌ది. ఫీజు నెలకు వేలల్లో. అతను ఎక్కడ నేర్చుకున్నాడని అడిగేవాళ్లే తక్కువ. సర్టిఫికెట్ కోర్సులున్నాయి గానీ, లైసెన్స్ లేనిదే ట్రైనింగ్ ఇవ్వొద్దనే చట్టం లేదు.

ఈ సందులోకే మందుల వ్యాపారం దూరింది. ఆపరేషన్ టైమ్‌లో బీపీ పడిపోతే ఇచ్చే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ కుర్రాళ్లకు అమ్ముతున్నవాళ్లను నగరంలో పలుమార్లు పట్టుకున్నారు. అది అలసట తెలియనివ్వదు, గుండె మీద భారం పెంచుతుంది. పెళ్లిలోపు బాడీ కావాలన్న తొందరే అమ్మేవాళ్లకు పెట్టుబడి. ట్రైనర్లందరినీ ఒకే గాటన కట్టలేం, నిజమే. కానీ మంచివాడెవరో తేల్చే దారేదీ?

నిజానికి ట్రైనర్ అవసరం కుర్రాళ్లకన్నా నలభై దాటినవాళ్లకే ఎక్కువ. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాల కసరత్తు కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నడకకు ఎవరి సాయమూ అక్కర్లేదు. మోకాలి నొప్పితో బరువులెత్తాలంటే మాత్రం నేర్పేవాడుండాలి. తెలిసిన ట్రైనర్ ముందు షుగర్, బీపీ, పాత ఆపరేషన్ల సంగతి అడుగుతాడు. అవేవీ అడగకుండా ప్రొటీన్ డబ్బా చూపిస్తే, అడ్వాన్స్ కట్టకుండా వచ్చేయడమే మేలు.